అరవైద్యుని మరమ్మతు

వేయిమందిని చంపినవాడు అరవైద్యుడని మన పెద్దలు ఊరకే అనలేదు. మనుష్యుల సంగతి ఎట్లున్నా, యంత్రాల విషయంలో ఆ బిరుదుకు తగినవారు మన గోదావరి సీమలో ఇంటికొకరైనా ఉంటారు. గడియారం ఆగినా, రేడియో మూగవోయినా ముందుగా విప్పటం, తరువాత ఆలోచించటం మనకు అలవాటు. ఈ విద్యలో నేనూ ఎవరికీ తీసిపోను.

ఇందులో తప్పేమున్నదని పాఠకులు అడుగవచ్చు. రాజమహేంద్రవరంలో 1932లో పుట్టిన రత్నం కలాన్నే చూడండి. మర తిప్పితే విడివడుతుంది. తిరిగి తిప్పితే బిగుసుకుంటుంది. పొరపాటు జరిగితే చొక్కాకు సిరా మరక, అంతే. అటువంటి వస్తువులతో పెరిగిన చేతులు, పిల్లలు చేతబట్టుకొని ఆడే వీడియో ఆటల యంత్రాన్ని కూడా అదే ధైర్యంతో విప్పబోతాయి. చిక్కంతా అక్కడ వచ్చింది.

1989లో జపానులో వెలువడిన గేమ్‌బాయ్ యంత్రం నాలుగు పెన్సిల్ బాటరీలతో నడిచేది. అదే సంస్థ 2017లో తెచ్చిన స్విచ్ యంత్రంలో లిథియం బాటరీని లోపల జిగురుతో అతికించారు. దానిని మొనగల పనిముట్టుతో పెకలించబోతే లోపలి పలుచని పొర చిరిగి, రెండు ధ్రువాలూ కలిసి, క్షణాలలో పొగ, వెనువెంటనే మంట పుట్టవచ్చు. ఉబ్బిన బాటరీని గుచ్చటమంటే కోరి నిప్పు తెచ్చుకోవటమే. తెరను సర్క్యూట్ బోర్డుకు కలిపే రిబ్బను వంటి పట్టీని పట్టి ఉంచే గొళ్లెం గోటి ముక్కంత ఉంటుంది. బలంగా లాగితే విరుగుతుంది. ఈ యంత్రాలకు మూడు రెక్కల మరలు బిగిస్తారు. వాటిని చేతికి దొరికిన స్క్రూడ్రైవరుతో తిప్పితే తల అరిగిపోయి, చేయి తిరిగిన మెకానిక్కుకు కూడా లొంగవు.

ఇవన్నీ డబ్బుతోనో, జాగ్రత్తతోనో గట్టెక్కగల ఆపదలు. నేను చేసిన నష్టం వేరు.

మా అమ్మాయి చిన్నతనంలో మేనమామ అమెరికా నుంచి గేమ్‌బాయ్‌నూ, పోకెమాన్ ఆట కాసెట్‌నూ తెచ్చి ఇచ్చాడు. ఆ ఆట అక్కడ 1998లో విడుదలైంది. ఆట మొదట్లో ఆడేవారు తమ పేరే కాక ప్రత్యర్థి పేరు కూడా పెట్టుకోవచ్చు. అమ్మాయి ప్రత్యర్థికి తమ్ముని పేరు పెట్టింది. వాణ్ణి ఓడించినప్పుడల్లా ఇల్లు ఎగిరిపోయేటట్లు కేకలు వేసేది. తరువాత ఆ యంత్రం బీరువా చేరింది. అమ్మాయి డల్లాస్ చేరింది. అబ్బాయి మమ్మల్ని విడిచిపోయి పదకొండేళ్లయింది.

ఒక వేసవిలో సెలవులకు వచ్చిన మనుమడు దానిని బయటికి తీశాడు. తెర మీద నల్లని చార తప్ప మరేమీ కనిపించలేదు. నేను కాసెట్‌ను విప్పాను. లోపల నాణెం వంటి చిన్న బాటరీ ఒకటి టంకంతో అతికి ఉన్నది. ఇరవై ఏళ్ల పాత బాటరీ, రోగం ఇక్కడే ఉన్నదని నిశ్చయించి, టంకం కరిగించి దానిని పీకివేసి, కొత్తది పెట్టాను. పనిలో పనిగా అంచులనున్న లోహపు పట్టీలను తుడిచాను. ఆట వచ్చింది. మనుమడు గంతులు వేశాడు. నేను మీసం దువ్వుకున్నాను.

ఆ రాత్రి అమ్మాయి ఫోనులో విని చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "నాన్నగారండీ, అందులో తమ్ముడి పేరు ఉండేదండీ" అన్నది.

మా వీధిలో రేడియోలు బాగుచేసే పెద్దమనిషి మర్నాడు సంగతి విడమరచి చెప్పాడు. ఆ మూడు వోల్టుల బాటరీ ఆటను నడిపేది కాదు. ఆడినవారి పేర్లనూ, వారు చేరిన మజిలీనీ దాచుకొన్న చిన్న చిప్‌కు అది ప్రాణవాయువు. అది తొలగగానే ఆ జ్ఞాపకమంతా చెరిగిపోతుంది. అసలు రోగం పట్టీలకు పట్టిన చిలుము. ఏటిగాలిలోని తేమకు మన ఊళ్లలో అది త్వరగా పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదితో తుడిస్తే సరిపోయేది. "తప్పదనుకుంటే, లోపల రాసి ఉన్నదాన్ని ముందుగా కాపీ తీయించుకోవచ్చండి మేస్టారూ" అని అతడు మెల్లగా అన్నాడు.

వస్తువును బాగుచేసుకొనే హక్కు కొన్నవానికి ఉండాలన్న వాదం న్యాయమైనదే. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 డిసెంబరు 24న ఇందుకొక పోర్టల్ తెరిచింది. పాతవాటిని పారవేయకుండా బాగుచేసుకోవటం మంచి గుణమనే నేటికీ నా నమ్మకం. కాని మర తిప్పకముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: రోగం ఎక్కడ ఉన్నది? నా చేయి పడితే తిరిగి రానిది లోపల ఏమున్నది? రెండవదానికి జవాబు తెలియనంతవరకు స్క్రూడ్రైవరును పక్కన పెట్టటమే మేలు.

ఆ కాసెట్ ఇప్పుడు చక్కగా పనిచేస్తున్నది. ప్రత్యర్థికి ఏ పేరు పెట్టమంటారని మనుమడు నన్ను అడిగాడు. మామయ్య పేరు చెప్పాను. ఒక్కొక్క అక్షరమే కూర్చి పెట్టాడు. పేరు అదే. వాళ్ల అమ్మ పెట్టినది మాత్రం కాదు.