గురుతెరిగిన మందు

రొమ్ము క్యాన్సరని మనము ఒక్క పేరున వ్యవహరించుచున్నను, అది నిజమునకు ఒక్క వ్యాధి కాదు. ఒకే వయస్సున, ఒకే పరిమాణముగల గడ్డతో ఇద్దరు స్త్రీలు వైద్యుని యొద్దకు వచ్చినను, ఒకరికి సంజీవనియైన మందు వేరొకరికి ఏమాత్రమును పనిచేయకపోవచ్చును. ఈ భేదమునెరిగి చికిత్స నిర్ణయించు పద్ధతికి బాటవేసిన ఔషధములలో ట్రాస్టుజుమాబ్ అగ్రగణ్యము. అది హెర్సెప్టిన్ అను పేరున మొదట విఖ్యాతి గాంచినది.

మన దేహమందలి పెక్కు కణముల పైపొరయందు, వెలుపలి సంకేతములను గ్రహించి లోపలికందించు ప్రోటీనులు కలవు. హెర్-2 అట్టివానిలో ఒకటి. ఆరోగ్యవంతమైన కణముమీద అది మితముగానుండును. కాని రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఇంచుమించు 15 మొదలు 20 వరకు, ఆ ప్రోటీనునకు మూలమైన జన్యువు పెక్కు ప్రతులుగా పెరిగిపోవుటచే, అది కణముమీద కిక్కిరిసి, ‘పెరుగుము, పెరుగుము’ అని ఎడతెగక ప్రేరేపించుచుండును. ఇట్టి వ్యాధి త్వరగా తిరుగబెట్టునని లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్యుడు డెనిస్ స్లామనును, ఆయన సహచరులును 1987లో వెల్లడించిరి. పిమ్మట జెనెన్‌టెక్ సంస్థ శాస్త్రజ్ఞులు, ఎలుకనుండి లభించిన యాంటీబాడీని మానవదేహము పరాయిదని త్రోసిపుచ్చకుండునట్లు సంస్కరించి, హెర్-2ను పట్టుకొని దాని ప్రేరణను అడ్డగించు ఈ మందును రూపొందించిరి. 1998లో అమెరికా ప్రభుత్వము దానిని అనుమతించెను.

కావున ఈ మందునకు ముందు నడువవలసినది పరీక్ష. గడ్డనుండి తీసిన ముక్కకు రంగువేసి చూచి, 0 మొదలు 3 వరకు అంకెవేయుదురు. 3 వచ్చినచో హెర్-2 పాజిటివ్. 2 వచ్చినచో సందేహము గనుక, ఫిష్ అను జన్యుపరీక్షచే తేల్చుకొందురు. 0, 1 వచ్చినవారికి ఈ మందు సాధారణముగా ఈయరు.

సీసాలో ఇది తెల్లని పొడి. నీరు కలిపిన పిమ్మట నర్సు దానిని గట్టిగా ఊపదు. నురుగు పట్టకుండ మెల్లగా త్రిప్పి, తేటపడువరకు వేచియుండి, తరువాత సెలైనులో కలుపును. మూడు వారములకొకసారి ఇచ్చు పద్ధతిలో, శరీరపు బరువు కిలో ఒక్కింటికి మొదట 8, పిమ్మట 6 మిల్లీగ్రాముల వంతున లెక్కింతురు. 60 కిలోల స్త్రీకి మొదటి మోతాదు 480, తరువాతివి 360 మిల్లీగ్రాములు. తొలిసారి 90 నిమిషములు పట్టును. అది సహించినచో తరువాత 30 నిమిషములు చాలును. తొలినాడు చలిజ్వరము రావచ్చును గాని, బెదరక నర్సుతో చెప్పవలెను. తొడచర్మము క్రింద కొద్ది నిమిషములలో ఇచ్చు రూపమును కలదు. తొలిదశ వ్యాధికి చికిత్స సామాన్యముగా ఒక సంవత్సరము సాగును.

కీమోథెరపీవలె ఇది జుట్టు రాల్చు మందు కాదు. అయినను దీని వలన గుండెబలము తగ్గవచ్చును. అందుచేతనే చికిత్సకు ముందును, చికిత్సాకాలమున సుమారు మూడు నెలలకొకసారియు ఎకో అను గుండెపరీక్ష తీయుదురు. ఆయాసము, కాళ్లవాపు కనిపించినచో తరువాతి ఇంజెక్షను వరకు ఓర్చుకొనరాదు. గర్భస్థశిశువునకు హాని గనుక, చికిత్సాకాలమునను, ముగిసిన పిమ్మట ఏడు నెలలును గర్భము రాకుండ జాగ్రత్తపడవలెను.

కీమోథెరపీకి దీనిని జతచేసినచో, తొలిదశలో శస్త్రచికిత్స జరిగినవారికి వ్యాధి తిరుగబెట్టుట ఇంచుమించు సగమునకు తగ్గినదని 2005లో ప్రకటితమైన పరిశోధనలు చాటినవి. ఇంతటి మేలు చాలకాలము ధనికులకే అందినది. బెంగళూరునందలి బయోకాన్ సంస్థ దీనికి సమానమైన బయోసిమిలర్‌ను 2014లో మనదేశమున విడుదల చేయుటయు, 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈ ఔషధమును అత్యవసరమైన మందుల పట్టికలో చేర్చుటయు ఆ దూరమును కొంత తగ్గించినవి.

మన యిండ్లలో బయాప్సీ రిపోర్టును చూచి భయపడి, మడిచి పెట్టె అడుగున దాచుట కలదు. అమ్మలారా, ఆ కాగితమును వెలికితీసి, హెర్-2 ఎదుట ఏ అంకె వేసియున్నదో వైద్యుని అడుగుడు. ఒకనాడు ఆయువు తక్కువయని తెలిపిన ఆ గురుతే, నేడు మందునకు దారి చూపుచున్నది.