కారణం చెబితే పెద్దరికం తగ్గదు

పెద్ద టోర్నీకి ముందు ‘ఫలానా ఆటగాణ్ణి ఎందుకు తీసుకోలేదు’ అని అభిమానులు నిలదీస్తే, అది వట్టి ఆవేశమని కొట్టిపారేస్తుంటారు. కానీ 2019 క్రికెట్ ప్రపంచకప్ సంగతి చూడండి. వన్డేల్లో 47 సగటున్న గుంటూరు ఆటగాడు అంబటి రాయుడిని పక్కనపెట్టి విజయ్ శంకర్‌ను ఎంచుకున్నారు. బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడింటికీ పనికొస్తాడని చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ చెప్పారు. అంతవరకూ సబబే. కానీ శంకర్ గాయపడ్డాక, స్టాండ్‌బైలో ఉన్న రాయుడిని కాదని, అప్పటికి ఒక్క వన్డే కూడా ఆడని మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. జులై 3న రాయుడు రిటైరయ్యాడు. జట్టు ఓపెనర్‌ను కోరిందన్న వివరణ టోర్నీ ముగిశాకే వచ్చింది. ఆ ఆలస్యమే అనుమానాన్ని పెంచింది.

ప్రతిదానికీ సంజాయిషీ ఇస్తే నిర్ణేతల పరువేం మిగులుతుందని కొందరంటారు. అయితే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2015 నుంచి హోరాహోరీ మ్యాచ్‌ల చివరి రెండు నిమిషాల్లో రిఫరీల తప్పొప్పులను తానే ప్రకటిస్తోంది. దానివల్ల ఫలితం మారదు, నిజమే. కానీ తప్పును దాచడం లేదన్న భరోసా ఉంటుంది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలాంటి కాలేజీ జట్టుకైనా, దేశ జట్టుకైనా న్యాయం ఒక్కటే: పేరు తీసేసిన రోజే కారణమూ చెప్పండి.