ఆంగ్ల ఉపాధ్యాయ కొలువుకు ఏ డిగ్రీ కావాలి? ‘జనరల్ ఇంగ్లిష్’ ఎందుకు సరిపోదు?

న్యూఢిల్లీ: తెలుగు రాష్ట్రాల్లో ఆంగ్లం చదవకుండా డిగ్రీ పూర్తిచేసిన వారు అరుదు. బీఏ, బీకాం, బీఎస్సీ ఏ కోర్సులో చేరినా జనరల్ ఇంగ్లిష్ తప్పనిసరి భాషాంశంగా ఉంటుంది. అయితే ఉన్నత పాఠశాలలో ఆంగ్ల ఉపాధ్యాయ పోస్టుకు దరఖాస్తు చేసే సమయంలో ఆ చదువు లెక్కలోకి రాదు. నియామక నిబంధనలు అడిగేది అభ్యర్థి ఆంగ్లం చదివారా అని కాదు, ఏ హోదాలో చదివారని. ఈ తేడా తెలియకుండా బీఈడీ కూడా ముగించిన అభ్యర్థికి దాన్ని సరిదిద్దుకోవడానికి మరికొన్ని ఏళ్లు పట్టవచ్చు.

అర్హతల విషయంలో ఇంత గందరగోళం ఎందుకు? ఉపాధ్యాయ అర్హతలను నిర్ణయించే అంచెలేమిటి? ఏ కోర్సు తర్వాత ఏ కోర్సు చేయాలి?

రెండు అంచెల నిబంధనలు

పాఠశాల ఉపాధ్యాయుల కనీస అర్హతలను జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) నిర్ణయిస్తుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 23వ సెక్షన్ కింద ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఈ అధికారం దానికి దఖలు పడింది. ఆ మేరకు మండలి 2010 ఆగస్టు 23న తొలి నోటిఫికేషన్ ఇచ్చింది. సెకండరీ, సీనియర్ సెకండరీ స్థాయుల అర్హతలను కూడా కలిపి 2014 నవంబరులో సమగ్ర నిబంధనలు వెలువరించింది.

అయితే ఎన్‌సీటీఈ చెప్పేది కనీస అర్హత మాత్రమే. తొమ్మిది, పది తరగతులకు డిగ్రీ లేదా పీజీలో కనీసం 50 శాతం మార్కులు, బీఈడీ ఉండాలని అది చెబుతుంది. ఏ సబ్జెక్టు బోధించేవారు డిగ్రీలో ఏ సబ్జెక్టు చదివి ఉండాలో ఆ నిబంధనలు వివరంగా చెప్పవు. ఆ ఖాళీని రాష్ట్ర ప్రభుత్వాలు, కేంద్రీయ విద్యాలయ సంగఠన్ వంటి నియామక సంస్థలు తమ సర్వీసు నిబంధనలతో పూరిస్తాయి. అందువల్ల ఒక సంస్థ దృష్టిలో అర్హుడైన అభ్యర్థి మరో సంస్థ దృష్టిలో అనర్హుడు కావచ్చు.

తరగతిని బట్టి మారే అర్హత

ప్రాథమిక పాఠశాలలో ఆంగ్లానికి సాధారణంగా ప్రత్యేక పోస్టు ఉండదు. అన్ని సబ్జెక్టులూ చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరే ఆంగ్లమూ చెబుతారు. ఇంటర్మీడియట్‌లో 50 శాతం మార్కులు, రెండేళ్ల డీఈఎల్‌ఈడీ, టెట్‌లో ఉత్తీర్ణత ఇందుకు ప్రధాన అర్హతలు. బీఈడీ చేసినవారికి కూడా ఈ పోస్టులకు అవకాశమిస్తూ 2018లో ఎన్‌సీటీఈ ఇచ్చిన నోటిఫికేషన్‌ను సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తోసిపుచ్చింది. అంటే ఆంగ్లంలో ఎంఏ, బీఈడీ రెండూ ఉన్నా ఒకటి నుంచి ఐదు తరగతుల పోస్టుకు అవి సరిపోవు.

ఆరు నుంచి పదో తరగతి వరకు సబ్జెక్టు ఉపాధ్యాయులు బోధిస్తారు. డిగ్రీ, బీఈడీ ఇక్కడ ప్రధానం. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు టెట్ కూడా తప్పనిసరి. సీనియర్ సెకండరీ స్థాయిలో సంబంధిత సబ్జెక్టులో 50 శాతం మార్కులతో పీజీ, దానితోపాటు బీఈడీ ఉండాలని 2014 నిబంధనలు చెబుతున్నాయి.

కళాశాల, విశ్వవిద్యాలయ స్థాయికి వెళితే నియంత్రణ యూజీసీ చేతికి మారుతుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు ఆంగ్లంలో 55 శాతం మార్కులతో పీజీ, నెట్ లేదా రాష్ట్ర స్థాయి అర్హత పరీక్షలో ఉత్తీర్ణత ప్రధానమైన మార్గం. అక్కడ బీఈడీ అవసరం లేదు.

జనరల్ ఇంగ్లిష్, స్పెషల్ ఇంగ్లిష్

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ డీఎస్సీ నియామకాల్లో స్కూల్ అసిస్టెంట్ (ఇంగ్లిష్) పోస్టుకు రెండు దారులున్నాయి. డిగ్రీలో ఆంగ్లాన్ని ఐచ్ఛిక పాఠ్యాంశంగా చదివి ఉండడం ఒకటి, ఆంగ్లంలో పీజీ చేయడం మరొకటి. ఏ దారిలో వచ్చినా బీఈడీలో ఆంగ్లం మెథడాలజీగా ఉండాలి.

ఇక్కడ ‘ఐచ్ఛికం’ అన్న మాటే కీలకం. డిగ్రీలో మొదటి భాగంగా అందరూ చదివే జనరల్ ఇంగ్లిష్ ఉద్దేశం భాషా నైపుణ్యాలను పెంచడం. చరిత్ర, రాజనీతిశాస్త్రాల సరసన ఒక సబ్జెక్టుగా ఎంచుకునే స్పెషల్ ఇంగ్లిష్ లేదా ఆంగ్ల సాహిత్యంలో కవిత్వం, నాటకం, నవల, భాషాచరిత్ర వంటి అంశాలను కోర్సు పొడవునా అధ్యయనం చేస్తారు. బోధనకు కావలసిన విషయ పరిజ్ఞానంగా నిబంధనలు గుర్తించేది రెండోదాన్నే.

కేంద్రీయ విద్యాలయాల కొలమానం మరో తీరులో ఉంది. 2022 డిసెంబరు నాటి నియామక ప్రకటనలో టీజీటీ (ఇంగ్లిష్) పోస్టుకు డిగ్రీ మూడేళ్లలోనూ ఆంగ్లం ఒక సబ్జెక్టుగా ఉండాలని సంగఠన్ షరతు విధించింది. మొదటి రెండేళ్లతోనే ఆంగ్లం ముగిసిపోయిన డిగ్రీ ఈ షరతు దగ్గర ఆగిపోతుంది.

డిగ్రీ విద్య స్వరూపం మారుతుండటంతో ఈ విషయంలో మరింత జాగ్రత్త అవసరమవుతోంది. ఆంధ్రప్రదేశ్ 2023-24 నుంచి మూడు సబ్జెక్టుల విధానం స్థానంలో ఒకే ప్రధాన సబ్జెక్టు, దానికి తోడు మైనర్ ఉండే విధానాన్ని ప్రవేశపెట్టింది. బోధన వైపు వెళ్లదలచినవారు ప్రవేశ సమయంలోనే ఆంగ్లం ఏ హోదాలో ఉందో, మార్కుల మెమోలో అది ఎలా నమోదవుతుందో చూసుకోవడం మేలు.

మెథడాలజీ: క్రమం తప్పితే చిక్కు

బీకాం చదివి ఆంగ్ల ఉపాధ్యాయ వృత్తిపై ఆసక్తి పెంచుకున్న అభ్యర్థికి దారి మూసుకుపోలేదు. ఎంఏ ఇంగ్లిష్ ఆ లోటును పూరిస్తుంది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏ డిగ్రీ చేసినవారికైనా ఈ కోర్సులో ప్రవేశం ఇస్తోంది. దూరవిద్య ద్వారా చేసేవారు ఆ కోర్సుకు ఆ విద్యాసంవత్సరంలో యూజీసీ గుర్తింపు ఉందో లేదో ముందుగా నిర్ధారించుకోవాలి.

అసలు చిక్కు కోర్సుల వరుసలో ఉంది. బీఈడీలో మెథడాలజీని అభ్యర్థి అప్పటికే పూర్తిచేసిన డిగ్రీ లేదా పీజీ ఆధారంగా కేటాయిస్తారు. ఎంఏ ఇంగ్లిష్ పూర్తికాకముందే బీఈడీలో చేరిన వాణిజ్య పట్టభద్రునికి ఆంగ్లం మెథడాలజీగా లభించదు. ఆ తర్వాత ఎంఏ చేసినా పీజీ షరతు నెరవేరుతుంది గానీ మెథడాలజీ షరతు మిగిలిపోతుంది. ముందు ఎంఏ, తర్వాత బీఈడీ అన్న క్రమం పాటించినవారికి రెండు షరతులూ నెరవేరుతాయి. చదివే కోర్సులు అవే అయినా వరుస మారితే ఫలితం మారిపోతుంది.

టెట్‌లో ఆంగ్లం వాటా

టెట్ రెండో పేపర్ 150 మార్కులకు ఉంటుంది. ఉత్తీర్ణతకు 60 శాతం, అంటే 90 మార్కులు రావాలి. రిజర్వుడు వర్గాలకు ప్రభుత్వాలు సడలింపు ఇవ్వవచ్చు. శిశు వికాసం, బోధనశాస్త్రానికి 30, మొదటి భాషకు 30, రెండో భాషకు 30, సబ్జెక్టుకు 60 మార్కులు కేటాయించారు.

ఎన్‌సీటీఈ నమూనా ప్రకారం ఆ 60 మార్కుల భాగం గణితం-సామాన్యశాస్త్రం లేదా సాంఘిక శాస్త్రంలోనే ఉంటుంది. భాషా ఉపాధ్యాయులు కూడా ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. కేంద్ర టెట్‌లోనూ, తెలంగాణలోనూ ఇదే పద్ధతి. ఫలితంగా ఆంగ్లం బోధించబోయే అభ్యర్థికి ఆంగ్లంలో వచ్చే ప్రశ్నలు 30కే పరిమితమవుతాయి. ఆంధ్రప్రదేశ్ మాత్రం రెండో పేపర్‌లో భాషా ఉపాధ్యాయులకు తమ భాషనే ప్రధానాంశంగా ఎంచుకునే వీలు కల్పించింది.

టెట్ ధ్రువపత్రం చెల్లుబాటు మొదట ఏడేళ్లే ఉండేది. 2011 నుంచి ఉత్తీర్ణులైన వారందరికీ వర్తించేలా 2021లో దాన్ని జీవితకాలానికి పొడిగించారు.

నాలుగేళ్ల సమీకృత కోర్సు

మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల బీఈడీ కలిపి అయిదేళ్లు పడుతున్న ప్రస్తుత మార్గానికి ప్రత్యామ్నాయంగా నాలుగేళ్ల సమీకృత ఉపాధ్యాయ విద్యా కోర్సు (ఐటెప్) వచ్చింది. ఇంటర్ తర్వాత జాతీయ ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా బీఏ-బీఈడీ, బీఎస్సీ-బీఈడీ, బీకాం-బీఈడీల్లో చేరవచ్చు. 2023-24లో 57 సంస్థల్లో దీన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించారు. 2030 నాటికి ఉపాధ్యాయ వృత్తికి నాలుగేళ్ల సమీకృత బీఈడీయే కనీస అర్హత కావాలని 2020 జాతీయ విద్యావిధానం లక్ష్యంగా పెట్టుకుంది.

సబ్జెక్టు, బోధన శిక్షణ ఒకే కోర్సులో సాగుతాయి కాబట్టి వరుస తప్పే సమస్య ఈ మార్గంలో చాలావరకు తగ్గుతుంది. అయితే నిర్ణయం మరింత ముందుకు జరుగుతుంది. ఆంగ్లం బోధించాలా వద్దా అన్నది ఇంటర్ ముగిసిన వెంటనే తేల్చుకోవలసి ఉంటుంది.

డిగ్రీ కొలవలేనిది

ఇన్ని షరతుల మధ్య ఒక ప్రశ్న మిగిలే ఉంది. పాఠ్యప్రణాళిక చట్రం 2005లో భాగంగా ఎన్‌సీఈఆర్‌టీ ఏర్పాటు చేసిన ఆంగ్ల బోధన జాతీయ బృందం తన పత్రంలో పాఠశాలలను రెండు కొలతలతో వర్గీకరించింది. ఒకటి ఉపాధ్యాయుని ఆంగ్ల సామర్థ్యం, రెండోది పిల్లల చుట్టూ ఉన్న ఆంగ్ల వాతావరణం. హైదరాబాద్‌లోని నాటి కేంద్రీయ ఆంగ్ల, విదేశీ భాషల సంస్థ ఆచార్యులు ఆర్. అమృతవల్లి ఆ బృందానికి అధ్యక్షత వహించారు.

ఇంట్లో, వీధిలో ఆంగ్లం వినిపించని పిల్లలకు తరగతి గదే ఆ భాష చెవిన పడే ప్రధాన స్థలం. అక్కడ ఉపాధ్యాయుని మాటే పాఠం. కానీ ఆంగ్లంలో ధారాళంగా మాట్లాడగలిగే సామర్థ్యాన్ని మార్కుల మెమో, మెథడాలజీ, బహుళైచ్ఛిక ప్రశ్నల టెట్ నేరుగా పరీక్షించవు. ఆంగ్ల సాహిత్యంలో పట్టా ఉండటం, పదేళ్ల పిల్లవాడితో సరళమైన ఆంగ్లంలో సంభాషించగలగడం వేర్వేరు నైపుణ్యాలు.

నియామక నిబంధనలు అభ్యర్థులను తరగతి గది గుమ్మం దాకా చేర్చగలవు. ఆ గుమ్మం చేరడానికి ఈరోజు డిగ్రీలో చేరుతున్న విద్యార్థి చేయదగినది ఒకటుంది: తాను బోధించదలచిన తరగతి ఏదో ముందు తేల్చుకుని, ఆ స్థాయికి సంబంధించిన తాజా నియామక ప్రకటనలోని అర్హతల పట్టికను సబ్జెక్టుల ఎంపికకు ముందే చదవడం.