భారత జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీ: ఆవిర్భావం - కర్తవ్యం

‘అకాడమీ’ అనే మాట తెలుగు పాఠకులకు కొత్తది కాదు. కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాల వల్ల, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యగ్రంథాల వల్ల అది సుపరిచితమే. అయితే ఆ రెండూ ప్రభుత్వ నిర్ణయంతో వెలసినవి. జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీ మాత్రం శాస్త్రజ్ఞులు తమకు తాముగా ఏర్పరచుకొన్న సంఘం. దాని చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ భేదమే ఆధారం.

నేపథ్యం

1914లో కలకత్తాలో మొదలైన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ ఏటా శాస్త్రజ్ఞులను ఒకచోట చేర్చేది. కాని లండన్‌లోని రాయల్ సొసైటీ వలె ఏడాది పొడవునా పనిచేస్తూ, అన్ని శాస్త్రశాఖల పక్షాన మాట్లాడగల సంస్థ అప్పటికి దేశంలో లేదు. 1930లో మేఘనాథ్ సాహా చొరవతో అలహాబాదులో ఒక ప్రాంతీయ అకాడమీ ఏర్పడింది. 1934 జనవరిలో బొంబాయి సైన్స్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించిన సాహా, అఖిల భారత స్థాయి అకాడమీ ఆవశ్యకతను ప్రతిపాదించారు. దాని స్వరూపంపై ఏకాభిప్రాయం కుదరలేదు. సి.వి. రామన్ విడిగా అదే సంవత్సరం బెంగళూరులో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌ను స్థాపించారు. 1935 జనవరి 7న కలకత్తాలో ‘నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సెస్ ఆఫ్ ఇండియా’ ప్రారంభమైంది. భూవిజ్ఞాని లూయిస్ లీ ఫెర్మర్ దాని తొలి అధ్యక్షుడు. ఈ విధంగా ఐదేళ్ళ వ్యవధిలో మూడు అకాడమీలు వెలిశాయి. అవి నేటికీ కొనసాగుతున్నాయి.

1945లో ప్రభుత్వం కలకత్తా సంస్థను అన్ని విజ్ఞానశాఖలకు ప్రాతినిధ్యం వహించే ప్రధాన సంస్థగా గుర్తించింది. తరువాత దాని కార్యాలయం ఢిల్లీకి మారింది. 1970లో దానికి ప్రస్తుత నామం వచ్చింది.

కర్తవ్యం

అకాడమీ చేసే పనులు ప్రధానంగా నాలుగు. మొదటిది, విశిష్ట పరిశోధకులను ఫెలోలుగా ఎన్నుకోవడం. ఈ ఎన్నిక చేసేది తోటి శాస్త్రజ్ఞులే. రెండవది, పరిశోధన పత్రికల ప్రచురణ. 1966 నుంచి వెలువడుతున్న ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ హిస్టరీ ఆఫ్ సైన్స్’ ఇందుకు ఉదాహరణ. మూడవది, అంతర్జాతీయ విజ్ఞాన సంఘాలలో దేశానికి ప్రాతినిధ్యం వహించడం. నాలుగవది, విధాన నిర్ణయాలలో ప్రభుత్వానికి సలహా ఇవ్వడం.

విశ్వసనీయత

వీటిలో అత్యంత క్లిష్టమైనది నాలుగవది. బీటీ వంకాయపై 2010 ఆరంభంలో హైదరాబాదు సహా పలు నగరాలలో బహిరంగ చర్చలు జరిగాయి. అనంతరం కేంద్రం ఆ పంట విడుదలను నిలిపివేసింది. ఆపై జన్యుమార్పిడి పంటల గురించి ఆరు అకాడమీలు సంయుక్తంగా ఒక నివేదిక సమర్పించాయి. అందులోని కొన్ని భాగాలు మరొకచోట ప్రచురితమైన వ్యాసం నుంచి యథాతథంగా తీసుకొన్నవని తేలడంతో తీవ్ర విమర్శ చెలరేగింది. ఆ ఏడాది చివర సవరించిన నివేదికను వెలువరించవలసి వచ్చింది. అకాడమీకి చట్టాలు చేసే అధికారం గాని, అమలు చేసే యంత్రాంగం గాని లేవు. దాని మాటకు విలువ తెచ్చేది నమ్మకం ఒక్కటే. ఆధారాలను చూపడంలో అలసత్వం జరిగితే, సలహాలోని మంచిచెడ్డలు చర్చకు రాకముందే ఆ నమ్మకం సడలుతుంది.

ముగింపు

ఆర్థికంగా ప్రభుత్వ నిధులపై ఆధారపడుతూ, అభిప్రాయంలో స్వతంత్రంగా ఉండటం అకాడమీకి నిత్య పరీక్ష. దానితోపాటు భాషాసమస్య కూడా ఉంది. విత్తనం గురించిన నివేదిక ఆంగ్లానికే పరిమితమైతే, ఆ విత్తనం నాటవలసిన రైతుకు దాన్ని ప్రశ్నించే వీలు ఉండదు. శాస్త్రజ్ఞుల పరస్పర సమీక్షకు ప్రజల పరిశీలన కూడా తోడైనప్పుడే అకాడమీ పేరులోని ‘జాతీయ’ అనే విశేషణం సార్థకమవుతుంది.