స్పోర్ట్స్ కారుకు కొత్త షాకప్‌లు: క్లిక్కులు లెక్కపెట్టే ముందు చూడాల్సినవి

గల్ఫ్‌లో సెకండ్ హ్యాండ్‌లో చేతికందే అసలు సిసలు స్పోర్ట్స్ కార్లలో టయోటా 86 ఒకటి. 2012లో వచ్చింది. టయోటా, సుబారు కలిసి చేసిన కారు. ముందు ఇంజన్, వెనుక చక్రాల నడక, బరువు దాదాపు 1,270 కిలోలు. ఆ తర్వాత 2.4 లీటర్ ఇంజన్‌తో జీఆర్86 పేరిట కొత్త తరం వచ్చింది. ఇండియాలో కంపెనీ దీన్ని అమ్మలేదు. హైదరాబాద్‌లో ఫోటోల్లో మాత్రమే చూసిన కుర్రాళ్లు దుబాయ్‌లోనో షార్జాలోనో నాలుగు డబ్బులు చేతిలో పడగానే దీనివైపు చూడటం సహజమే.

కారు వచ్చిన కొన్నాళ్లకు ఇంటికి ఒక ఫోన్ వస్తుంది. "అబ్బూ, ఈ నెల కొంచెం తక్కువ పంపిస్తా, కారుకు పని ఉంది." ఆ పని పేరు చాలావరకు కాయిల్‌ఓవర్. ఇక్కడ కూర్చున్న తండ్రికి అదేంటో తెలీదు, అక్కడున్న కొడుక్కి సగమే తెలుసు. ఆ మిగతా సగం దగ్గరే డబ్బూ పోతుంది, ఒక్కోసారి కారూ అదుపు తప్పుతుంది.

కాయిల్‌ఓవర్ అంటే షాకప్ చుట్టూ స్ప్రింగ్ ఎక్కించిన ఒకే యూనిట్. షాకప్ ఒంటికి మరలు ఉంటాయి. ఆ మరల మీద రింగు తిప్పితే కారు ఎత్తు మారుతుంది. కొన్నింటికి పైన చిన్న నాబ్ కూడా ఉంటుంది, దాన్ని తిప్పితే షాకప్ గట్టిదనం మారుతుంది. దుకాణంలో చెప్పేది ఈ రెండు సంగతులే. కానీ తేడా అంతా లోపలున్న స్ప్రింగ్‌లో, వాల్వ్‌లో ఉంటుంది.

స్ప్రింగ్ కారు బరువును మోస్తుంది. కానీ దానికి ఆగడం తెలీదు. ఒక్కసారి నొక్కి వదిలితే ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేది షాకప్. ఇంజెక్షన్ సిరంజిని గుర్తు తెచ్చుకోండి. సన్నని రంధ్రం గుండా ద్రవం పోవాలంటే బలం కావాలి. షాకప్ లోపల పిస్టన్ కూడా నూనెను అలాగే చిన్న దారుల గుండా నెడుతుంది. చక్రం పైకి లేచేటప్పుడు జరిగేది కంప్రెషన్, తిరిగి కిందికి దిగేటప్పుడు జరిగేది రీబౌండ్. స్ప్రింగ్ ఎంత గట్టిగా ఉంటే అది తిరిగి తన్నే బలం అంత ఎక్కువ కాబట్టి రీబౌండ్ కూడా అంత బలంగా ఉండాలి. కంపెనీ షాకప్‌లు ఉంచేసి గట్టి స్ప్రింగులు మాత్రం వేసుకున్న కార్లు స్పీడ్ బ్రేకర్ దాటాక రెండు మూడుసార్లు ఎగురుతూ పోవడానికి కారణం ఇదే.

మరి ఎంత గట్టి స్ప్రింగ్? ఇక్కడ చిన్న లెక్క ఉంది, కష్టమైందేం కాదు. స్ప్రింగ్ బలాన్ని మిల్లీమీటరుకు ఎన్ని కిలోలు అని చెబుతారు. 6 కిలోల స్ప్రింగ్ అంటే దాన్ని ఒక మిల్లీమీటరు నొక్కడానికి 6 కిలోల బరువు కావాలి. ఆ స్ప్రింగ్ మీద కారు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్నదే అసలు కొలత. మెత్తని ఫ్యామిలీ కారు సెకనుకు ఒకసారికి కాస్త పైన ఊగుతుంది. రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కారుకు ఒకటిన్నర నుంచి రెండు సరిపోతాయి. రెండున్నర దాటితే అది ట్రాక్ కారు.

86 ముందు భాగంలో ఒక్కో చక్రం మీద స్ప్రింగ్ మోసే బరువు సుమారు 315 కిలోలు అనుకుందాం. 4 కిలోల స్ప్రింగ్ వేస్తే ఊపు 1.8 దగ్గర పడుతుంది. 6 కిలోలు వేస్తే 2 దాటుతుంది. 10 కిలోలైతే దాదాపు 2.8. అంటే "10 కిలోలు వేయించుకో భాయ్, రేసింగ్ ఫీల్ వస్తుంది" అన్న మాటకు అర్థం, రోజూ ఆఫీసుకెళ్లే కారును రేసు కారు చేసి ఇస్తామని. పక్క సీట్లో కూర్చునే భార్యనో, సెలవులకు వచ్చిన నడుం నొప్పి అమ్మీనో ఆ లెక్కలో ఎవరూ కలపరు.

వెనుక చక్రాల సంగతి వేరు. 86కు ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, వెనుక డబుల్ విష్‌బోన్. వెనుక స్ప్రింగ్ చక్రానికి లోపలివైపు, ఆర్మ్ మీద కూర్చుంటుంది. చక్రం 100 మిల్లీమీటర్లు లేస్తే స్ప్రింగ్ 75 మాత్రమే నొక్కుకుందనుకోండి, అప్పుడు 6 కిలోల స్ప్రింగ్ చక్రం దగ్గర మూడున్నర కిలోలలాగే పనిచేస్తుంది. ఎందుకంటే ఈ నిష్పత్తిని దానితో దాన్నే గుణించాలి: 0.75ను 0.75తో గుణిస్తే 0.56. ముందు 6, వెనుక 6 అని రాసి ఉంటే రెండూ సమానమని చాలామంది అనుకుంటారు, కానీ కావు. వేరే కారు వాడు చెప్పిన నంబర్లు మన కారుకు పనికిరాకపోవడానికి కూడా కారణం ఇదే.

అన్నింటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఎత్తు దగ్గర. కారు కిందికి దిగితే అందంగా ఉంటుంది, ఒప్పుకోవాల్సిందే. బరువు కేంద్రం కూడా దిగుతుంది కాబట్టి మలుపులో మేలే కదా అనిపిస్తుంది. 20, 25 మిల్లీమీటర్ల వరకు అది చాలావరకు నిజం. ఇంకా దించితే కథ తిరగబడుతుంది. మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కారులో కిందున్న లోయర్ ఆర్మ్ చక్రం వైపు పైకి వంగిపోతుంది. అప్పుడు కారు ఏ బిందువు చుట్టూ పక్కకు వాలుతుందో ఆ బిందువు, బరువు కేంద్రం కంటే వేగంగా కిందికి జారుతుంది. రెండింటి మధ్య దూరం పెరుగుతుంది. ఫలితం, కిందికి దించిన కారే మలుపులో ఎక్కువ వాలాలని చూస్తుంది. దాన్ని ఆపడానికి మళ్లీ ఇంకా గట్టి స్ప్రింగ్. ఇలా ఒక తప్పును కప్పడానికి ఇంకో ఖర్చు.

దీనికంటే ప్రమాదకరమైనది జాగా అయిపోవడం. చక్రం పైకి లేవడానికి 70 మిల్లీమీటర్ల జాగా ఉందనుకుందాం. స్ప్రింగ్ కూర్చునే రింగును 40 కిందికి దించితే మిగిలేది 30. ఆ తర్వాత షాకప్ లోపలి రబ్బరు దిమ్మ తగులుతుంది. దాన్నే బంప్ స్టాప్ అంటారు. మలుపు మధ్యలో బయటి వెనుక చక్రం ఆ దిమ్మకు కొట్టుకుంటే, ఆ క్షణంలో అక్కడి గట్టిదనం ఒక్కసారిగా పెరిగి టైరు పట్టు వదిలేస్తుంది. వెనుక చక్రాలతో నడిచే కారులో దానర్థం కారు తిరగబడి రోడ్డుకు అడ్డంగా ఆగడం. జెబెల్ జైస్, జెబెల్ హఫీత్ లాంటి కొండ దారుల్లో అది చిన్న విషయం కాదు.

అందుకే కొన్ని కిట్లలో ఎత్తు మార్చే మరలు షాకప్ అడుగున, బ్రాకెట్ దగ్గర విడిగా ఉంటాయి. అక్కడ తిప్పితే మొత్తం యూనిట్ పొడవు మారుతుంది, షాకప్ లోపలి ప్రయాణం పోదు. కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. అయితే లోపల జాగా ఉన్నంత మాత్రాన బయట ఉన్నట్టు కాదు, టైరు వెళ్లి ఫెండర్‌కు రాసుకోవచ్చు. ఇంకో అపోహ కూడా ఉంది, రింగు బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడుతుందని. గట్టిపడదు. 6 కిలోల స్ప్రింగ్ ఎంత బిగించినా 6 కిలోలదే.

ఇక క్లిక్కులు. బీసీ రేసింగ్ బీఆర్ కిట్‌కు 30 క్లిక్కులు. టీన్ ఫ్లెక్స్ జెడ్‌కు 16. బిల్‌స్టీన్ బీ16కు 10 మాత్రమే. 30 ఉన్నది 10 ఉన్నదానికంటే మూడింతలు మంచిదని కాదు. ఒక్కో క్లిక్‌కు బలం ఎంత మారుతోంది, ఎడమ కుడి షాకప్‌లలో ఒకేలా మారుతోందా అన్నదే ముఖ్యం. ఇది కంటికి కనిపించదు, షాక్ డైనో అనే యంత్రం మీద పెట్టి గీసిన గ్రాఫ్‌లో తెలుస్తుంది. ఆ గ్రాఫ్ అడిగితే చూపించే దుకాణం ఉంటే వదులుకోకూడదు.

ఒకే నాబ్ ఉన్న కిట్లలో తిప్పితే చాలావరకు రీబౌండ్ మారుతుంది, దాంతోపాటు కంప్రెషన్ కూడా ఎంతో కొంత కదులుతుంది. కేడబ్ల్యూ కంపెనీ దీన్ని మెట్లుగా విడదీసి అమ్ముతుంది. వేరియంట్ 1లో ఎత్తు మాత్రమే మారుతుంది. వేరియంట్ 2లో రీబౌండ్ కూడా. వేరియంట్ 3లో రీబౌండ్, కంప్రెషన్ విడివిడిగా. వినడానికి మూడోదే మేలు. కానీ నాలుగు చక్రాలకు రెండేసి నాబ్‌లు చొప్పున ఎనిమిది అవుతాయి. ఏది ఎటు తిప్పితే ఏమవుతుందో తెలియని చేతిలో అవి ఎనిమిది తప్పులకు అవకాశం. రోజూ నడిపే కారుకు ఇంజనీర్లు ముందే సరిగ్గా కుదిర్చి ఇచ్చిన వేరియంట్ 1 లేదా బిల్‌స్టీన్ బీ14 చాలామందికి చాలు. దుకాణాల్లో వీటి గురించి తక్కువ మాట్లాడతారు, తిప్పి చూపించడానికి నాబ్ ఉండదు కదా!

గట్టిగా తిప్పితే పట్టు పెరుగుతుందన్న నమ్మకం కూడా సరికాదు. రీబౌండ్ మరీ ఎక్కువైతే, వరుస గతుకుల మీద చక్రం ఒక గతుకు దాటి పూర్తిగా కిందికి దిగేలోపే రెండోది వస్తుంది. ప్రతి గతుక్కీ కారు కొంచెం కొంచెంగా కిందికి కూరుకుపోయి చివరికి ఆ రబ్బరు దిమ్మ మీద కూర్చుంటుంది. నడిపేవాడికి మాత్రం "రేస్ కారులా గట్టిగా ఉంది" అనిపిస్తుంది.

డబ్బు లెక్క చూద్దాం. బీసీ, టీన్ లాంటివి వెయ్యి డాలర్లు, ఆ పైన కాస్త. కేడబ్ల్యూ వేరియంట్ 3, ఓలిన్స్ రోడ్ అండ్ ట్రాక్ లాంటివి రెండున్నర వేల డాలర్ల పైమాటే. ఇది కిట్ ధర మాత్రమే. బిగింపు కూలి, వీల్ అలైన్‌మెంట్ వేరే. 86ను దించితే వెనుక చక్రాలు లోపలికి వాలతాయి, కంపెనీ నుంచి వచ్చిన కారులో ఆ వాలును సరిచేసే ఏర్పాటు లేదు. విడిగా అడ్జస్టబుల్ ఆర్మ్‌లు కొనాలి, లేదంటే టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి. ఆ టైర్ల ఖర్చును ఎవరూ బిల్లులో రాయరు, కానీ ఏడాదికోసారి అది వస్తూనే ఉంటుంది.

రిపేరు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. టీన్ ఫ్లెక్స్ జెడ్ సీల్ చేసిన రకం. కారితే విప్పి బాగు చేయరు, ఆ ఒక్క షాకప్ మార్చుకోవాలి. ఓలిన్స్ లాంటివి విప్పి, కొత్త సీళ్లు, నూనె వేసి మళ్లీ వాడొచ్చు. 1,100 డాలర్ల కిట్ మూడేళ్లకు మూలన పడితే ఏడాదికి 367 డాలర్లు. 2,800 డాలర్లది ఒక సర్వీసుతో ఎనిమిదేళ్లు నడిస్తే, సర్వీసుకు 600 వేసుకున్నా ఏడాదికి 425. దూరం అనుకున్నంత లేదు. కానీ కారును మూడేళ్లలో అమ్మేసి వచ్చేవాడికి రెండో లెక్క పనికిరాదు. కాంట్రాక్టు ఎన్నాళ్లో చూసుకుని కొనాలి.

సెకండ్ హ్యాండ్ కిట్ చవగ్గా వస్తుంది. రాడ్ మీద నూనె తడి ఉందా, మరలు ఇసుకతో, తీరం తేమతో పట్టేశాయా, రింగు చేత్తో తిరుగుతోందా చూడాలి. ప్రసిద్ధ బ్రాండ్ల పేరుతో నకిలీలు కూడా తిరుగుతున్నాయి కాబట్టి సీరియల్ నంబరు కంపెనీతో సరిచూసుకోవడం మంచిది.

చట్టం మాట. యూఏఈలో అనుమతి లేకుండా ఇంజన్‌లో గానీ చాసిస్‌లో గానీ మార్పులు చేస్తే 1,000 దిర్హాంల జరిమానా, 12 బ్లాక్ పాయింట్లు, 30 రోజులు బండి స్వాధీనం. తాము పెట్టబోయే కిట్ దీని కిందికి వస్తుందా, ముల్కియా రెన్యువల్ పరీక్షలో పాస్ అవుతుందా అని డబ్బు కట్టకముందే పరీక్ష కేంద్రంలో అడగాలి. జర్మనీలో టీయూవీ పరీక్ష పత్రంతో వచ్చే కిట్లు ఉంటాయి, అలాంటి కాగితం ఉంటే చూపించుకోవడానికి పనికొస్తుంది.

ఇండియాలో ఇదే పని చేయించాలనుకునేవారు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చూసుకోవాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఎక్కడైనా సరే ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పకపోతే, ప్రమాదం జరిగాక క్లెయిమ్ దగ్గర మాట్లాడటానికి నోరు ఉండదు. పక్కవాడి బండికి, ప్రాణానికి నష్టం జరిగిన కేసులో అది ఎంత పెద్ద మొత్తమో వేరే చెప్పక్కర్లేదు.

ఇంత విన్నాక కూడా కావాలనే అనిపిస్తే ముందు టైర్లు చూడాలి. 86 చాలా చోట్ల మిషెలిన్ ప్రైమసీ అనే మామూలు టైర్లతో వచ్చింది. మంచి స్పోర్ట్స్ టైర్లు, సరైన అలైన్‌మెంట్‌తో కారు నడక ఎంత మారుతుందో చూసి, అప్పటికీ లోటు ఉంటే కిట్ గురించి ఆలోచించొచ్చు. డుబాయ్ ఆటోడ్రోమ్‌లోనో యస్ మరీనాలోనో తరచూ ట్రాక్ డేలకు వెళ్లేవారికి ఆ లోటు తొందరగానే తెలుస్తుంది. ఇల్లు, ఆఫీసు, మాల్ మధ్య తిరిగేవారికి బహుశా తెలియదు.

బిగించాక మొదట్లో స్ప్రింగులు కాస్త కూర్చుంటాయి. 200, 300 కిలోమీటర్లు తిప్పి బోల్టులు మళ్లీ బిగింపు చూపించి, ఎత్తు కొలిచి, అప్పుడు అలైన్‌మెంట్ చేయించాలి. క్లిక్కులను చాలా కిట్లలో పూర్తిగా గట్టి వైపు నుంచి లెక్కపెడతారు. ఏ చక్రానికి ఎన్నో ఫోన్‌లో రాసుకోవాలి, చివర తగిలాక నాబ్‌ను బలవంతంగా తిప్పకూడదు. విప్పిన కంపెనీ షాకప్‌లు గ్యారేజీలో వదిలేయకుండా ఎడమ, కుడి అని రాసి ఇంటికి తెచ్చుకోవాలి. బండి పాసింగ్ ఆగిపోయినా, రేపు కారు అమ్మాల్సి వచ్చినా మొదట అడిగేది వాటినే.