టీచర్ల ట్రైనింగ్ ఫలించిందని ఎలా తెలుస్తుంది?

గుంటూరులో చదివిన బీఎస్సీని నమ్ముకుని, ఇన్నేళ్లకు ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో అనాటమీ క్లాసులో చేరాను. మధ్యలో ఒకరోజు సెలవిచ్చారు, టీచర్లకు ట్రైనింగ్ అట. మర్నాడూ మా మేడం స్లైడ్లు చదువుకుంటూ పోయారు. మనసులో విసుక్కున్నాను. తర్వాత తెలిసింది, ఆవిడ పార్ట్‌టైమ్, ట్రైనింగ్‌కు పిలుపే లేదని!

సాధారణంగా ట్రైనింగ్ అయ్యాక ఒక సర్వే ఇస్తారు, నచ్చిందా అని. భోజనం బాగుంటే మార్కులూ బాగానే పడతాయి. థామస్ గస్కీ 2000లో వచ్చిన పుస్తకంలో ఐదు మెట్లు చెప్పారు: టీచర్లకు నచ్చిందా, నేర్చుకున్నారా, కాలేజీ వీలు కల్పించిందా, క్లాసులో వాడుతున్నారా, విద్యార్థులకు మేలు జరిగిందా. ప్లాన్ మాత్రం చివరి మెట్టు నుంచి వెనక్కి వేసుకోవాలి.

మూడో మెట్టు దగ్గరే చిక్కు. ఈ కాలేజీల్లో సగానికి పైగా పార్ట్‌టైమ్ వాళ్లే. ట్రైనింగ్ గంటలకు డబ్బివ్వకపోతే, రెండు కాలేజీల మధ్య కారులో తిరిగేవాళ్లు ఎలా వస్తారు?

పాస్ శాతం పెరిగినా నమ్మేయకూడదు. పేపరు తేలికైందేమో, వెనకబడ్డవాళ్లు ముందే డ్రాప్ అయ్యారేమో. ల్యాబ్‌లో కంట్రోల్ పెట్టినట్టు, ట్రైనింగ్ లేని సెక్షన్లతో పోల్చాలి. ఆ పిల్లలు తర్వాతి కోర్సులో ఎలా చదివారో చూస్తే ఇంకా మంచిది.

మన పిల్లలు హైస్కూల్లో ఉండగానే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌లో చేరుతున్నారు, ఆ గ్రేడు కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉండిపోతుంది. చేర్చేముందు కౌన్సిలర్‌ని అడగండి: చెప్పేదెవరు, కిందటి టర్ములో ఎంతమంది పాసయ్యారు, ఎంతమంది మధ్యలో వదిలేశారు? మా అబ్బాయి కోసం నేనడిగితే, మూడోదానికి జవాబు రావడానికి రెండు వారాలు పట్టింది.