వేషం వెనుక కథ

పండుగ వచ్చిందంటే మన పిల్లలకు వేషాలు వేస్తాం. కిరీటం, కత్తి, నగలు అన్నీ అమరుతాయి. కానీ "నువ్వెవరమ్మా?" అని అడిగితే పేరు తప్ప మరేమీ చెప్పలేకపోతే అది అలంకారమే, చరిత్ర కాదు. మన పగటివేషగాళ్ళు వేషంతో పాటు దానికి తగిన మాట కూడా నేర్చుకునేవారు.

మనముండే డెగ్గెన్‌డార్ఫ్‌కూ ఒక కథ ఉంది. 1266లో బొహీమియా రాజు ఒట్టోకర్ సైన్యం ఈ ఊరిని ముట్టడించిందట. గోడ ఎక్కిన వేగులవాడి ముఖాన మేయరు గారి భార్య క్నోడెల్ ముద్ద విసిరిందట. లోపల తిండికి కొదవ లేదనుకుని శత్రువులు వెళ్ళిపోయారట. ఇది జనం చెప్పుకునే కథ. అయినా ఊరు ఆమెకు విగ్రహం పెట్టుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఓరుగల్లును రుద్రమదేవి ఏలుతోంది. తండ్రి గణపతిదేవుడు ఆమెకు రుద్రదేవ మహారాజు అని మగపేరు పెట్టి రాజ్యం అప్పగించాడు. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని చెబుతోంది. ఇది రాతిమీద మిగిలిన సాక్ష్యం.

అందుకే ఈసారి వేషం వేసే ప్రతి బిడ్డకూ మూడు వాక్యాలు నేర్పుదాం: నేనెవరిని, ఏ కాలంలో ఉన్నాను, ఏం చేశాను. ఏది శాసనమో, ఏది జనం నోటి కథో కూడా చెప్పనిద్దాం. ముందు తెలుగులో, తర్వాత పొరుగువారి కోసం జర్మన్‌లో. రుద్రమ పక్కనే ముద్ద విసిరిన అమ్మ కూడా నిలబడితే, రెండు ఊళ్ళూ మన పిల్లలవే అవుతాయి.